పిజ్జా : ఊరికొక బట్టీ, నోటికొక రుచి

నేపుల్సు నగరములో పిజ్జా 90 సెకండ్లలో కాలును. అదే పేరుగల పదార్థము షికాగో నగరములో కాలుటకు అరగంటకు పైగా పట్టును. మొదటిది పలుచని రొట్టె. నడుమ తడితడిగా ఉండి, చేతితో ఎత్తబోయినచో వ్రేలాడిపోవును. రెండవది గిన్నెవంటి అంచు గలది. దాని లోతంతయు చీజుతోను, టమాటో గుజ్జుతోను నిండియుండును. చాకు, ముళ్లచెంచా లేనిదే దానిని తినుట కష్టము. రెండింటిలోను ఉన్నవి గోధుమపిండి, నీరు, ఉప్పు, ఈస్టు, టమాటో, చీజు, నూనెయే. వస్తువులు ఒకటియే యైనపుడు ఇంత భేద మెట్లు వచ్చినది? ఏది మేలైనదను వాదమునకు దిగువారు నేపుల్సులోను, రోములోను, న్యూయార్కులోను, షికాగోలోను కొల్లలుగా ఉన్నారు. ఆ వాదము తెగునది కాదు. భేద మెట్లు వచ్చినదను ప్రశ్నకు మాత్రము ఉన్నత పాఠశాలలో చదివెడి భౌతిక, రసాయన శాస్త్రములే చాలవరకు సమాధాన మీయగలవు.

ఇటలీవారు ఈ పదమును పీత్సా అని పలుకుదురు. ఇంగ్లీషు అక్షరములను చూచి చదువుకొన్న మనకు అది పిజ్జా యైనది. క్రీ. శ. 997లో గయేటా పట్టణమున వ్రాయబడిన ఒక లాటిన్ దస్తావేజులో ఈ మాట కానవచ్చుచున్నది. కౌలుదారు క్రిస్మసునాడు పన్నెండు, ఈస్టరునాడు పన్నెండు పిజ్జాలను బిషప్పుగారికి చెల్లింపవలెనని అందులోని షరతు. ఆ పిజ్జాలపై టమాటో ఉండుటకు వీలులేదు. మన మిరపకాయవలెనే టమాటోకూడ అమెరికా ఖండమునుండి వచ్చినదే; అది ఐరోపాకు చేరినది 16వ శతాబ్దములో. తరువాత చిరకాలము పిజ్జా నేపుల్సు బీదల వీధితిండిగానే ఉండెను. తంతివార్తల విధానమును కనిపెట్టినవారిలో ఒకడైన శామ్యూల్ మోర్సు 1831లో ఇటలీలో సంచరించుచు దానిని చూచి, రోత పుట్టించు పదార్థమని తీసివేసినాడు. 1889లో మార్గరీటా రాణి నేపుల్సునకు వచ్చినపుడు రఫాయేలే ఎస్పోజిటో అను వంటవాడు టమాటో ఎరుపు, చీజు తెలుపు, తులసిజాతి ఆకు పచ్చదనము కలిపి ఇటలీ జెండా రంగులతో పిజ్జా చేసి ఇచ్చెననియు, దానికే మార్గరీటా అను పేరు వచ్చెననియు ఒక కథ కలదు. కథ బాగున్నది గాని చరిత్రకారులలో కొందరు దానిని శంకించుచున్నారు.

ఏ ఊరి పిజ్జాకైనను మూలము పిండిముద్ద. గోధుమలో గ్లయాడిన్, గ్లుటెనిన్ అను రెండు తెగల మాంసకృత్తులు కలవు. పిండిలో నీరు పోసి మర్దించినపుడు ఇవి ఒకదానితో ఒకటి పెనవేసికొని, రబ్బరువలె సాగుచు మరల ముడుచుకొను వలగా ఏర్పడును. దీనికే గ్లూటెన్ అని పేరు. తరగతిలో దీనిని చూపుట సులభము. గుప్పెడు మైదాపిండిని నీటితో ముద్దచేసి, అరగంట ఉంచి, పిమ్మట గిన్నెడు నీటిలో మెల్లగా పిసుకుచు కడుగవలెను. నీరు పాలవలె తెల్లబడును. ఆ నీటిలో ఒక చుక్క అయొడిన్ ద్రావణము వేసినచో నల్లని నీలిరంగు వచ్చును. పోయినది పిండిపదార్థమని తేలును. చేతిలో మిగిలిన జిగురుముద్దయే గ్లూటెన్. బియ్యపుపిండితో ఇదే పని చేసినచో చేతిలో ఏమియు మిగులదు. మన బియ్యపురొట్టెను గాలిలో ఎగురవేసి సాగదీయలేకపోవుటకు కారణ మిదియే.

ఈ వలకు పని కల్పించునది ఈస్టు. ఇది కంటికి కానరాని ఒక శిలీంధ్రము. పిండిలోని చక్కెరలను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ వాయువు గ్లూటెన్ పొరలలో చిక్కుకొని బుడగలుగా నిలుచును. మన ఇడ్లీపిండి పొంగుటలోను బొగ్గుపులుసు వాయువే పనిచేయును. కాని అక్కడ దానిని పుట్టించువానిలో ముఖ్యమైనవి ల్యూకోనాస్టాక్ జాతి బాక్టీరియాలు, దానిని పట్టి నిలుపునది గ్లూటెన్ కాదు, మినపపప్పులోని బంకయు, మాంసకృత్తులును. ఇడ్లీ ఉమ్మగిలి మెత్తనగుటయు, పిజ్జా అంచు సాగుచు తెగుటయు ఈ రెండు వలల మధ్యగల తేడాయే.

ఇక్కడినుండియే ఊళ్లు విడిపోవును. నేపుల్సు పద్ధతిని 2010లో ఐరోపా సంఘము ఒక సంప్రదాయ పదార్థముగా గుర్తించి కొలతలతో సహా ప్రకటించినది. లీటరు నీటికి 1.7 మొదలు 1.8 కిలోల పిండి, 50 గ్రాములకు కొంచెము పైగా ఉప్పు, ఈస్టు 3 గ్రాములు మాత్రమే. నూనె లేదు, చక్కెర లేదు. పిండిని రెండు విడతలుగా కొన్ని గంటలు పులియనిచ్చి, అప్పడాల కర్ర తాకనీయక, వ్రేళ్లతో నడుమనుండి అంచునకు నొక్కుదురు. నడుమనున్న వాయువు అంచునకు పోయి చేరును. బట్టీలో ఆ అంచు ఉబ్బి ఒకటి రెండు సెంటీమీటర్ల కట్టగా నిలుచును. రోములో గుండ్రని పిజ్జా చేయువారు దీనికి సరిగా వ్యతిరేకముగా, పిండిలో నూనె కలిపి, కర్రతోనే పలుచగా ఒత్తెదరు. బుడగలు నలిగిపోవును. ఆ పిజ్జా అప్పడమువలె కరకరలాడును. అదే రోములో వేరొక రకము కలదు. అది ఇనుప పళ్లెములలో కాల్చి, కత్తెరతో ముక్కలు కత్తిరించి, తూకముమీద అమ్మునది. దీని పిండిలో నీరు మిక్కిలి ఎక్కువ. నూరు పాళ్ల పిండికి 75, 80 పాళ్లవరకు పోయుదురు. చేతి కంటుకొను ఆ పలుచని పిండిలో బుడగలు అడ్డులేక పెరిగి, లోపల తేనెపట్టువలె పెద్ద అరలేర్పడును. ఇంటి పొయ్యిలలో చేయదలచిన వారికి నేపుల్సు పిజ్జాకంటె ఈ రోము ముక్కయే అనువైనది. దానికి భయంకరమైన వేడి అక్కరలేదు.

ఆ వేడి సంగతి వివరింపదగినది. నేపుల్సు బట్టీ ఇటుకతో కట్టిన గుమ్మటము. కట్టెల మంటతో దాని ఉష్ణోగ్రత 430 మొదలు 485 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోవును. లోపలి పిజ్జాకు మూడు దారులలో వేడి చేరును: క్రింది ఇటుక తాకుటవలన వహనము, లోపల తిరుగు వేడిగాలివలన సంవహనము, గుమ్మటమునుండి, మంటనుండి వికిరణము. మూడవదియే ఇక్కడ రాజు. వేడివస్తువు వెదజల్లు వికిరణము దాని పరమ ఉష్ణోగ్రతయొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగునని స్టీఫాన్ 1879లో ప్రయోగములనుండి కనుగొనెను. బోల్ట్జ్‌మాన్ 1884లో సిద్ధాంతరీత్యా నిరూపించెను. లెక్కవేసి చూతము. 485 డిగ్రీలకు 273 కూడగా 758. ఇంటి విద్యుత్ బట్టీ 250 డిగ్రీలవరకు పోవుననుకొన్నచో అది 523. మొదటిదానిని రెండవదానితో భాగించినచో 1.45. దాని నాలుగవ ఘాతము సుమారు 4.4. సెంటీగ్రేడు అంకెలలో రెట్టింపైనను కాని వేడి, వికిరణమున నాలుగు రెట్లకు మించిపోయినది. ఇంటి పొయ్యిలో పిజ్జాను ఎంతసే పుంచినను నేపుల్సు పిజ్జా కాకపోవుట కిది కారణము. కాలము పెరిగినకొలది నీరావిరియై పోవును. అంచు ఎర్రబడువేళకు రొట్టె బిస్కత్తుగా మారును.

అట్లని వేడి ఎంత హెచ్చైనచో అంత మంచిదనుటకును వీలులేదు. 2018లో ఆంద్రే వార్లమోవ్, ఆంద్రియాస్ గ్లాట్జ్ అను భౌతిక శాస్త్రజ్ఞులును, ఆహార విషయములు తెలిసిన సెర్జియో గ్రాస్సోయు కలిసి పిజ్జా కాలుటనుగూర్చి ఒక పరిశీలన ప్రకటించిరి. రోములోని కట్టెల బట్టీలో 330 డిగ్రీల వేడిమిగల ఇటుకపై 20 డిగ్రీల పిండిముద్దను పరచినచో, ఆ రెండును తాకుచోట ఉష్ణోగ్రత సుమారు 208 డిగ్రీలు మాత్రమే యగును. ఇటుక అధమ ఉష్ణవాహకము. తన లోపలి వేడిని మెల్లగా గాని ఈయదు. రెండు నిమిషములలో అడుగు చక్కగా ఎర్రబడును. అదే 330 డిగ్రీలలో ఇనుప పలకపై వేసినచో తాకుచోట దాదాపు 300 డిగ్రీలగును; పైభాగము ఉడుకకమునుపే అడుగు మాడిపోవును. ఇనుముపై కాల్చువాడు బట్టీని 230 డిగ్రీలకు దించుకొనవలెను. దించినచో అడుగు సరిపోవును గాని వికిరణము తగ్గిపోయి, పైభాగమునకు మరి కొంతసేపు పట్టును. ఆ కొంతసేపటిలోనే నీరు తరిగి రుచి మారును. చలికాలపు ఉదయమున కొయ్యపీటను, ఇనుప గడ్డపారను ముట్టి చూచిన విద్యార్థికి ఈ సంగతి కొత్త కాదు. రెండింటి ఉష్ణోగ్రత ఒకటియే యైనను, గడ్డపార చేతి వేడిని చురుకుగా లాగుకొని చల్లగా తోచును.

కాలిన రొట్టె గోధుమరంగుకు తిరుగుటను 1912లో లూయీ కామిల్ మయ్యార్ అను ఫ్రెంచి రసాయనికుడు వర్ణించెను. చక్కెరలు, మాంసకృత్తులలోని ఎమినో ఆమ్లములు వేడిలో కలిసి వందలకొలది క్రొత్త పదార్థములుగా మారును. వాసన, రుచి, రంగు అన్నియు వానివే. వేయించిన వేరుసెనగ, కాలిన జొన్నరొట్టె వాసనలుకూడ ఈ కోవలోనివే. ఈ చర్య 140 డిగ్రీలు దాటినపుడు చురుకుగా సాగును. తడి ఉన్నంతసేపు ఉష్ణోగ్రత నూరుడిగ్రీల వద్దనే నిలిచిపోవును గనుక, పైపొర ఆరిన చోటనే రంగు వచ్చును. నేపుల్సు పిజ్జా అంచుమీద చిరుతపులి మచ్చలవంటి నల్లచుక్కలుండుట కిదియే హేతువు: బుడగ ఉబ్బినచోట పొర పలుచనై ముందుగా ఆరి మాడును, ప్రక్కన తెల్లగా మిగులును.

ఇటలీనుండి వలసపోయినవారు ఈ విద్యను అమెరికాకు కొనిపోయిరి. న్యూయార్కులో జెన్నారో లొంబార్డీ అంగడి 1905 నాటిది. అక్కడ దొరకిన ఇంధనము బొగ్గు. పిమ్మట గ్యాసు బట్టీలు వచ్చెను. గ్యాసు బట్టీలో వేడి తక్కువ, 260 మొదలు 315 డిగ్రీలుండును; కాలుటకు పట్టు సమయ మెక్కువ. అందుచేత పిండిలో నూనె, కొంచెము చక్కెర చేరినవి. మాంసకృత్తులు 13, 14 శాతముగల గట్టి గోధుమపిండి వాడుకలోనికి వచ్చినది. తడి చీజునకు బదులు నీరు తగ్గించిన చీజు వచ్చినది. పిజ్జా వ్యాసము 18 అంగుళములకు పెరిగి, ముక్కలుగా కోసి అమ్ముట ఆచారమైనది. న్యూయార్కు నీటి మహిమవలననే అక్కడి పిజ్జా కంత రుచి యని ఆ ఊరివారు చెప్పుకొందురు. ఆ నీరు మృదుజలము. లవణములు గ్లూటెన్ బిగువును కొంత మార్చుమాట నిజమే. కాని బట్టీ, పిండి, పులియబెట్టు వ్యవధులు చేయు మార్పుముందు అది లెక్కకు రాదు.

న్యూయార్కు ముక్కలో గణితముకూడ ఉన్నది. ఆ పొడవైన త్రికోణపు ముక్కను అంచువద్ద పట్టుకొని ఎత్తినచో కొన వ్రేలాడి, పైనున్నదంతయు జారిపోవును. ఆ ఊరివారు ముక్కను నడుమ నిలువుగా దొన్నెవలె కొంచెము మడచి పట్టుకొందురు. వెంటనే కొన నిటారుగా నిలుచును. తలమునకు ఏ బిందువువద్దనైనను రెండు ప్రధాన దిశలలో వక్రతలుండును. ఆ రెండింటి గుణకారఫలము, తలమును సాగదీయక, చింపక వంచినంతవరకు మారదని గౌస్ 1827లో నిరూపించెను. ఆ ఫలితము తనకే ఎంత నచ్చినదో, దానికి ఆయన లాటినులో విశిష్ట సిద్ధాంతమను అర్థముగల పేరు పెట్టుకొనెను. బల్లపరుపు ముక్కకు ఆ గుణకారఫలము సున్న. అడ్డముగా వంచితిమా, ఒక వక్రత సున్న కానిదైనది. గుణకారఫలము సున్నగానే ఉండవలెనన్నచో నిలువు వక్రత సున్న కాక తప్పదు. అనగా ముక్క నిలువునా వంగలేదు. ముడతల ఇనుపరేకు సాదారేకుకంటె బలముగా ఉండుటకు, తాటాకు తన మడతలవలన బిగిసి నిలుచుటకు సూత్ర మిదియే. ఒక కాగితముతో తరగతిలో అరనిమిషములో చూపవచ్చును.

న్యూయార్కునకు ఈశాన్యముననున్న న్యూ హేవెను పట్టణములో 1925లో ఫ్రాంక్ పెపే తెరచిన అంగడి ఇప్పటికిని పేరుపొందినది. అక్కడి పిజ్జా బొగ్గుబట్టీలో కాలి, అంచు నల్లబడి, వంకరటింకరగా ఉండును. ఆల్చిప్పల మాంసముతో చేసిన తెల్లపిజ్జా వారి ప్రత్యేకత. నలుపును చూచి మాడినదని వెనుకకు పంపువారు కలరట. అలవాటు పడినవారికి ఆ చిరుచేదే ప్రాణము.

షికాగో దారి పూర్తిగా వేరు. 1943లో ఐక్ స్యూయెల్, రిక్ రిక్కార్డో అనువారు పిజ్జేరియా ఊనో అను భోజనశాలలో లోతుపళ్లెపు పిజ్జాను ప్రవేశపెట్టిరి. అసలు వంటకము ఎవరి చేతిదో ఇంకను తగాదాయే. పిండిలో నూనె, వెన్న దండిగా పోయుదురు. కొవ్వు పిండి రేణువులను కప్పి గ్లూటెన్ వలను తెగగొట్టును గనుక రొట్టె సాగదు, నోటిలో బిస్కత్తువలె పొడియగును. కజ్జికాయల పిండిలో నెయ్యి పోయుటలోని కిటుకే ఇది. వరుసకూడ తలక్రిందు: అడుగున చీజు, దానిపై మాంసమో కూరలో, అన్నిటికంటె పైన టమాటో. అరగంటకు పైగా బట్టీలో ఉండునది గనుక చీజు పైనున్నచో మాడిపోవును. తడిగానుండు టమాటో దానికి గొడుగు పట్టును. మందమైన పిండిని మూతవేసి సన్నని సెగమీద చాలసేపు కాల్చు మన దిబ్బరొట్టె కిది దూరపు చుట్టమనవచ్చును. అడుగు కరకర, నడుమ మెత్తన అను గుణము రెండింటికిని ఒకే కారణమున వచ్చినది: వేడి మందమైన పదార్థములోనికి మెల్లగా దిగును. అన్నట్టు, షికాగో నివాసులు నిత్యము తినునది ఈ లోతుపిజ్జా కాదు. పలుచగా, కరకరలాడుచు, చదరపు ముక్కలుగా కోసిన వేరొక రకము అక్కడి ఇరుగుపొరుగు పానశాలలలో పుట్టి ఇండ్లకు ప్రాకినది. పరదేశికి కనబడు ఊరు వేరు, ఊరివాడు తిను తిండి వేరు.

డెట్రాయిటు మోటారు కారుల పట్టణము. అక్కడ 1946లో బడ్డీస్ అను భోజనశాలలో పుట్టిన దీర్ఘచతురస్రపు పిజ్జాకు, కారుల కర్మాగారములలో చిన్న సామానులు వేయుటకు వాడిన ఉక్కు పళ్లెములే మూకుళ్లైనవి. చీజును పళ్లెపు గోడవరకు పరచుదురు. అది కరగి గోడవెంట దిగి, తన కొవ్వులోనే తాను వేగి, అంచుచుట్టు కరకరలాడు చట్రముగా బిగిసికొనును. ఇంతవరకు చెప్పినవానిలో పాత్రయే రుచిని నిర్ణయించిన ఉదాహరణ మిది. మూల ముక్కకై పిల్లలు తగవులాడుకొనుటకు మయ్యార్ చర్యయే బాధ్యత వహింపవలెను.

చీజును మనవారు కొందరు జున్ను అని తర్జుమా చేయుదురు. అది సరికాదు. మన జున్ను ఈనిన పశువు తొలిపాలను వేడిచేయగా గడ్డకట్టినది. మొజరెల్లా చీజు పాలలో రెన్నెట్ అను ఎంజైము కలిపి విరిచి, ఆ ముద్దను కొంత పులియనిచ్చి, వేడినీటిలో లాగి పీచులుగా సాగదీసినది. పాలలోని కేసీన్ అను మాంసకృత్తును కాల్షియము కట్టి ఉంచును. ఆమ్లత హెచ్చినకొలది ఆ కట్టు సడలును. పి. హెచ్. విలువ సుమారు 5.2, 5.3 వద్ద ముద్ద సాగుటకు అనువగును. ఇంకను తగ్గినచో పొడిపొడియగును. పనీరు సంగతి చూడుడు. మరగిన పాలలో నిమ్మరసము పోసి విరిచినది. ఆ వేడికి పాలలోని ఇతర మాంసకృత్తులుకూడ కేసీనుకు అతుకుకొనిపోవును, కాల్షియములో చాలభాగము నీటితో పోవును. అందుచేత పనీరును ఎంత కాల్చినను కరగదు, సాగదు. ముక్క ముక్కగానే ఎర్రబడును. మన దేశపు పిజ్జాలపై పనీరు ముక్కలున్నను, వానిక్రింద మొజరెల్లా తప్పక ఉండుటకు కారణ మిదియే. 2014లో న్యూజిలాండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమువారు మొజరెల్లాను చెడ్డర్, ఈడం, గ్రూయేర్ మొదలగు చీజులతో పోల్చి కాల్చి చూచిరి. మొజరెల్లా సాగుడు గుణమువలన దానిలోని ఆవిరి పెద్దబుడగలుగా లేచి, బుడగ నెత్తిన నూనె జారిపోయి, అచ్చట మచ్చలు పడునని తేలినది. చెడ్డరుకు సాగుడు చాలదు, బుడగలు లేవవు. సెయింట్ లూయీ నగరమువారు మొజరెల్లాను మాని ప్రోవెల్ అను మిశ్రమపు చీజునే వాడుదురు; ఈస్టు లేని అప్పడమువంటి రొట్టెపై అది సాగక జిగటగా అంటుకొనియుండును. పై ఊరివారెవరికిని అది సామాన్యముగా నచ్చదు. ఆ ఊరివారు మరియొకటి ఒల్లరు.

అర్జెంటీనాలోని బ్వేనోస్ ఐరిస్‌కు జెనోవా ప్రాంతమునుండి పలువురు వలసపోయిరి. అక్కడ మందమైన పిజ్జామీద పొంగిపొరలునంత చీజు వేయుటయు, ఉల్లిపాయలు పరచిన ఫుగసేతా అను రకమును ప్రసిద్ధములు. ఇంకొక వింత ఏమనగా, పిజ్జా ముక్కపై ఫాయినా అను అట్టుముక్కను ఎక్కించి తినుట. గుర్రమెక్కిన దని దానికి అచ్చట ముద్దుపేరు. ఆ అట్టు వట్టి శనగపిండితో చేసినది. శనగపిండిలో గ్లూటెన్ లేదు. గోధుమ మాంసకృత్తులలో కొరతగా ఉండు లైసీన్ అను ఎమినో ఆమ్లము పప్పులలో సమృద్ధిగా కలదు. తెలియకయే అచ్చటివారు మన పప్పన్నపు సూత్రమును పాటించుచున్నారు.

ఇక ఇష్టము మాట. టమాటోలోను, మాగిన చీజులోను గ్లూటమేటు అను పదార్థము విరివిగా ఉండును. 1908లో జపాను శాస్త్రజ్ఞుడు ఇకెడా సముద్రపు నాచుతో చేసిన చారునుండి దీనిని వేరుచేసి, తీపి, పులుపు, ఉప్పు, చేదులకు తోడుగా ఉమామి అను మరియొక మౌలిక రుచి కలదని చెప్పెను. పిజ్జా సర్వత్ర ప్రియమగుటకు ఇది కొంత కారణము. కాని ఒకనికి షికాగోది, మరియొకనికి నేపుల్సుది ప్రియమగుటను గ్లూటమేటు తేల్చజాలదు. 1968లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ జాయన్స్ మాటిమాటికి కంటబడిన వస్తువునే మనస్సు మెచ్చునని ప్రయోగములతో చూపెను. 2001లో జూలీ మెన్నెల్లా మొదలగువారు గర్భిణులచేతను, బాలెంతలచేతను క్యారటు రసము త్రాగించి, వారి శిశువులు క్యారటు కలిపిన ఆహారమునకు తక్కిన శిశువులకంటె తక్కువగా మొగము చిట్లించుకొనుటను గమనించిరి. ఇష్టము నాలుకకంటె ముందు ఇంటిలో పుట్టునన్నమాట. కెనడాలో 1962లో సామ్ పనొపూలస్ అను గ్రీకు వలసదారుడు డబ్బాలోని అనాసపండు ముక్కలను పిజ్జాపై వేసి లోకములో చెలరేపిన కలహము నేటికిని చల్లారలేదు. 2017లో ఐస్లాండు అధ్యక్షుడు పాఠశాల పిల్లలతో మాటాడుచు, చేతనైనచో దానిని నిషేధింతునని పరిహాసమాడి, తరువాత అట్టి అధికారము తనకు లేదనియు, ఉండకూడదనియు ప్రకటన చేయవలసివచ్చెను.

ఒకరి యిష్టము నిజముగా రుచినిబట్టియా, పేరునుబట్టియా యని పరీక్షించుటకు సులభమైన పద్ధతి కలదు. కన్నులకు గుడ్డకట్టి మూడు ముక్కలీయవలెను. రెండు ఒకటే రకము, మూడవది వేరు. వేరైనదేదో చెప్పవలెను. ఊరక ఊహించి చెప్పినను మూడింట ఒకసారి సరిపోవును; పన్నెండుమందిలో సగటున నలుగురు కేవలము అదృష్టమువలన గెలిచెదరు. ఎనమండుగురు సరిగా చెప్పినచో మాత్రము భేద మున్నదని నమ్మవచ్చును. కాకతాళీయముగా అంతమంది గెలుచుటకు గల అవకాశము నూటికి రెండు పాళ్లను మించదు. పిజ్జాయే కానక్కరలేదు. కట్టెలపొయ్యిపై వండిన పప్పు, గ్యాసుపై వండిన పప్పు తెచ్చి తరగతిలో చేసి చూడవచ్చును.

కట్టెలనుగూర్చి ఈ ప్రశ్న ఉబుసుపోకకు వేసినది కాదు. కట్టెలు, బొగ్గు కాలినపుడు వెలువడు సన్నని మసి రేణువులు ఊపిరితిత్తుల లోతులకు పోయి హాని చేయును. నేపుల్సు సమీపమునగల సాన్ విటలియానో పట్టణము గాలిలో ఈ ధూళి మితిమీరుటచే 2015 చివర, వడపోత లేని కట్టెల బట్టీలను ఆపివేయుమని పిజ్జా అంగళ్లను ఆజ్ఞాపించినది. అలజడి చెలరేగినది. న్యూయార్కు నగరములో 2024లో అమలుకు వచ్చిన నియమము ప్రకారము పాత బొగ్గు, కట్టెల బట్టీలవారు సాధ్యమైనచోట ఈ రేణువులను 75 శాతము తగ్గింపవలెను. మరియొక ప్రక్క, నేపుల్సు పిజ్జా చేయువారి విద్యను 2017లో యునెస్కో మానవజాతి వారసత్వములో చేర్చినది. విద్య నిలువవలెను, పొగ పోవలెను. భౌతికశాస్త్రము ఇక్కడ ఒక దారి చూపుచున్నది. ఒకటిన్నర నిమిషములో రొట్టెకు పట్టు పొగవాసన స్వల్పము. పని చేసినది గుమ్మటపు వికిరణమును, ఇటుకయొక్క నిదానమును. ఆ రెండును ఏ ఇంధనముతో సాధించినను పిండికి తెలియదు. గ్యాసుతో, విద్యుత్తుతో అంత వేడిమి నిచ్చు బట్టీలు ఇప్పుడు నేపుల్సులోనే తయారగుచున్నవి. కట్టె లేనిదే పిజ్జా కాదనువారిని మాత్రము కన్నులకు గుడ్డకట్టి మూడు ముక్కలతో పరీక్షింపవలసినదే.

తినగా మిగిలిన పిజ్జా మరునాటికి గట్టిపడుటను అందరు ఎరుగుదురు. ఎండిపోవుటచేత నని తలంతురు గాని, మూతపెట్టి ఉంచినను గట్టిపడును. ఉడికినపుడు విచ్చుకొన్న పిండిపదార్థపు గొలుసులు చల్లారగనే మరల ప్రక్కప్రక్కకు చేరి స్ఫటికములవలె సర్దుకొనును. రెఫ్రిజిరేటరు చల్లదనములో ఈ సర్దుబాటు బయటికంటె వడిగా జరుగును. రాత్రి మిగిలిన అన్నము అందులో బిరుసెక్కుటకూడ ఇందువలననే. సుమారు 60, 70 డిగ్రీలకు మరల వేడిచేసినచో గొలుసులు విడిపోయి రొట్టె మెత్తబడును. ఇందుకు పొడిపెనము మేలు. సన్నని సెగపై ముక్కనుంచి, అడుగు బిగిసినపిదప ప్రక్కన రెండు చుక్కల నీరు వేసి మూతపెట్టినచో, ఆ ఆవిరికి చీజు కరగును, అడుగు కరకరలాడుచునే యుండును. అయితే వెంటనే తినవలెను. రెండవమారు చల్లారిన రొట్టె మొదటిమారుకంటె మొండిగా బిగియును.